ముఖం, రెండు చేతులు

కొత్తపేట,
9 ఏప్రిల్ 2009

పిన్నీ,

మార్చి ఫొటో రాలేదు. ఆలస్యమేమో అనుకున్నాను. ఏప్రిల్ మొదటి శుక్రవారం కూడా వెళ్ళిపోయింది.

నిన్న బడి వదిలాక మళ్ళీ నెట్ సెంటరుకి వెళ్ళాను. కృష్ణమూర్తిగారు నన్ను చూడగానే, "రాలేదండి. వస్తే నేనే కబురంపేవాణ్ణి కదండి" అన్నారు. నా పాస్‌వర్డు ఆయనకెలా తెలుసో అడగాలనుకున్నాను. అడగలేకపోయాను.

నువ్వు వెళ్ళిన రోజు రాజమండ్రి స్టేషన్లో ఏమని ఒట్టేశావు? నెలకొక ఫొటో. అందులో ముఖం కనపడాలి, రెండు చేతులూ కనపడాలి. ఉత్తరమైతే పక్కన నిలబడి ఎవరైనా రాయించగలరు. ఫోన్లో, పక్కన మనిషి ఉంటే ఎవరైనా బాగున్నాననే అంటారు. ఇళ్ళలో పనికని వెళ్ళిన ఆడవాళ్ళ గురించి పేపర్లో వచ్చినవన్నీ కత్తిరించి నీకు చదివి వినిపించాను. నవ్వావు. నవ్వినా ఒట్టేశావు. వెళ్ళిన నెలకే మీ మేడం తన పాత ఫోను నీకిచ్చింది. కృష్ణమూర్తిగారు దాన్ని స్మార్టుఫోను అంటారు. పదకొండు నెలలు తప్పకుండా పంపావు.

ఇప్పుడు అంతర్వేది నుంచి బాబాయి నాన్నగారికి ఫోన్ చేసి, "పెద్ద ఫోను తీసేసుకున్నారంట అన్నయ్యా, చిన్నదేదో ఇచ్చేరంట. ఇంకేం చెప్పలేదు, పెట్టేసింది" అన్నారట.

తీసేసుకున్నారంటే ఎవరు? నువ్విచ్చావా, లాక్కున్నారా?

ఇక్కడ కబుర్లేమీ లేవు. మా బడి నడిపే సిస్టరుగారు నేను చూసుకునే లైబ్రరీకి కొత్త బీరువా కొన్నారు. తాళంచెవి నాకే ఇచ్చారు. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. నువ్వున్నప్పుడు రాసిన నూనె పేరు అడగమంది.

ఫోన్లో నేను మాట్లాడలేనని నీకు తెలుసు. అందుకే ఇలా అడుగుతున్నాను.

యామిని


కువైట్,
24 ఏప్రిల్ 2009

అమ్మడూ,

ముందు దీవెనలు. తిట్లు తరవాత.

ఫొటో రాకపోతే పిన్ని చచ్చిపోయినట్టేనా? నీ ఉత్తరం చదివి కృపావతికి కూడా చూపించాను. తను ముక్తేశ్వరం మనిషి, నాతోపాటే పని. "మీ అమ్మాయి పోలీసుద్యోగం చెయ్యాల్సిందండి" అంది.

విషయం ఇది. మేడం చిన్నకూతురి పెళ్ళి జులై పదహారున. ఇక్కడ మగవాళ్ళ పెళ్ళి వేరు, ఆడవాళ్ళ పెళ్ళి వేరు. ఆడవాళ్ళ వైపుకి మగపురుగు కూడా రాదు. అందుకని వాళ్ళంతా ముసుగులు తీసేసి, జుట్టు విరబోసుకుని, సినిమావాళ్ళకంటే గొప్పగా తయారవుతారు. ఆ ముఖం ఫొటోలో పడి, అది బయటి మగవాడి కంటపడితే ఇంక ఆ ఇంటి పరువు లేనట్టే. పెళ్ళిరోజున వచ్చినవాళ్ళ ఫోన్లు గుమ్మం దగ్గరే తీసుకుంటారంట. చుట్టాలు మార్చి నుంచే వచ్చి పోతున్నారు. అందుకని మేడం మా ముగ్గురు పనివాళ్ళ ఫోన్లూ దిండు గలీబులో వేసి, మూతి కట్టి, బీరువాలో పెట్టింది. పెళ్ళి మర్నాడు ఇస్తుంది. లాక్కోలేదు. నేనే ఇచ్చాను.

బదులుగా తలా ఒక చిన్న ఫోను కొనిచ్చింది. నల్లది, నా అరచేతిలో సగం. కెమెరా లేదు. కొసన టార్చిలైటు ఉంది, పాము ఆట ఉంది. ఒకసారి చార్జింగు పెడితే ఐదు రోజులు అడగదు. కృపావతి రెండ్రోజులు ఏడ్చింది, వాళ్ళ పిల్లల ఫొటోలన్నీ పెద్దదాంట్లోనే ఉన్నాయి. నేను ఏడవలేదు. పాము ఆటలో నన్ను కొట్టేవాళ్ళు ఈ ఇంట్లో లేరు.

మేడం మంచిది. నన్ను పెళ్ళికూతురి గదిలో పనికి వేసింది. అది నమ్మకమైన వాళ్ళకే ఇస్తారు. మంచిది కాబట్టే చిన్న ఫోన్లు తన డబ్బుతో కొంది. కసురుతుంది గానీ మంచిది.

నూనె పేరు నాకూ గుర్తులేదు. పచ్చమూత సీసా. మీ అమ్మని ఎక్కువ నిలబడొద్దను.

పిన్ని


కొత్తపేట,
6 మే 2009

పిన్నీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

మేడం మంచిదని మూడుచోట్ల రాశావు. ఇన్ని నెలల్లో ఆ మాట ఒక్కసారీ రాయలేదు. గుడ్లు లెక్కపెట్టి ఫ్రిజ్‌లో పెడుతుందని రాశావు. తువ్వాలు మడత తప్పితే మళ్ళీ ఉతికిస్తుందని రాశావు. ఉన్నట్టుండి మంచిదెలా అయింది? నీ ఉత్తరంలో ఒక్క కొట్టివేత లేదు. అలా నువ్వెప్పుడైనా రాశావా?

నిన్న అంతర్వేది వెళ్ళాను. వేట నిషేధం కదా, బాబాయి ఇంట్లోనే ఉన్నారు. అరుగు మీద వల బాగుచేసుకుంటున్నారు. నీ ఉత్తరం చదివి వినిపించాను. దారం పళ్ళమధ్య పెట్టుకునే విన్నారు.

"పెళ్ళంటే ఫొటోలు తీయించుకుంటారు గానీ, ఫోన్లు దాచేసుకుంటారేంటమ్మా ఎక్కడైనా?" అన్నారు.

"వాళ్ళ పద్ధతి కావచ్చు బాబాయీ" అన్నాను.

"పద్ధతైతే నాకు చెప్పొచ్చు కదా. నాతో మూడు ముక్కలు మాట్టాడి పెట్టేసింది. నీకు మూడు పేజీలు రాసింది. ఆ పెద్ద ఫోను ఎవరికిచ్చేసిందో కనుక్కోమ్మా నువ్వు."

ఆయన అనుమానం వేరు, నాది వేరు. ఆ మాట నీకు రాయకూడదేమో. రాసేశాను.

నిన్నొకటి అడుగుతాను, తిట్టకు. ఫొటో కుదరకపోతే కాగితం మీద నీ రెండు చేతులూ ఆనించి, చుట్టూ గీత గీసి పంపు. చిన్నప్పుడు నాతో గీయించేదానివి కదా. నిజంగా పక్కన ఎవరూ లేకపోతే అదెంత పని?

యామిని

(పచ్చమూత నూనెలు షాపులో ఆరు రకాలున్నాయి. అమ్మ వద్దంది.)


కువైట్,
21 మే 2009

యామినీ,

నిజం చెప్పు. ఈ ప్రశ్నలు నీవా, ఆయనవా?

నా ఉత్తరం ఎవరు రాయించారని నువ్వడిగావు. నీ ఉత్తరం ఎవరు రాయించారని నేనడుగుతున్నాను. పెద్ద ఫోను ఎవరికిచ్చేశానంట? ఇక్కడ నాకెవరున్నారంట, ఇవ్వడానికి? అరుగు మీద కూర్చుని వల కుట్టుకుంటూ పెళ్ళాం ఏం చేస్తోందో మా అక్కకూతురి చేత అడిగించే మనిషనుకోలేదు. నువ్వు అన్నీ పూసగుచ్చినట్టు రాశావు కాబట్టి తెలిసింది. ఇంకా రాయనివి ఎన్నున్నాయో.

కొట్టివేతలు లేకపోతే అదీ తప్పేనా? ఏడో క్లాసుతో ఆపేసిన నన్ను కూర్చోబెట్టి, తప్పుల్లేకుండా రాయి పిన్నీ, శుభ్రంగా రాయి పిన్నీ అని ప్రాణం తీసింది నువ్వు కాదూ? ఈ ఉత్తరంలో ఎన్ని కొట్టేశానో చూసుకో. సంతోషమేనా?

ఆయనతో ఫోన్లో ఎక్కువ మాట్లాడకపోవడానికి ఒక కారణం ఉంది. పెళ్ళయ్యాక చెబుతాను. కారణముందని కూడా ఆయనకి చెప్పకు.

నువ్వడిగిన చెయ్యి పంపుతున్నాను. ఒకటి చాలు. ఎడమది పనిలో ఉంది.

బేబి


కొత్తపేట,
3 జూన్ 2009

పిన్నీ,

బాబాయి నాచేత ఏమీ రాయించలేదు. నేను రాసింది ఆయన చూడనే లేదు. ఇంక ఆయన మాటలు నీకు రాయను. మొన్న ఒకటో తేదీన వేటకి వెళ్ళిపోయారు.

నువ్వు పంపిన కాగితం కిటికీ దగ్గర పెట్టి చూశాను. అది కుడిచెయ్యి. గీత ఎక్కడా వణకలేదు, వేళ్ళ సందుల్లో కూడా. కుడిచేతి చుట్టూ గీయాలంటే పెన్సిలు ఎడమచేత్తో పట్టుకోవాలి. నేను గీసి చూశాను. నా గీత ఏటిగట్టులా వంకరలు పోయింది. నీది కుడిచేతి వాటం. అంటే గీసింది నువ్వు కాదు. ఎవరో నీ చెయ్యి బల్లమీద పెట్టించి గీశారు.

ఒక చెయ్యే పంపాలనుకుంటే ఎవరైనా ఎడమదే పంపుతారు. అది తేలిక. నువ్వు కష్టమైనదాన్ని ఇంకొకరిచేత గీయించి పంపావు.

ఎడమచేతికి ఏమైంది?

ఆయనకి చెప్పకూడని కారణం ఏమిటి? పెళ్ళయ్యేదాకా ఫోను లేదు. పెళ్ళయ్యేదాకా ఫొటో లేదు. పెళ్ళయ్యేదాకా కారణం లేదు. ఆ పెళ్ళి ఉందో లేదో కూడా నాకు తెలియదు.

పుస్తకాలు చదివి చదివి నా బుర్ర చెడిపోయిందని అమ్మ అంటోంది. కావచ్చు. ఈ నెలాఖరు దాకా చూస్తాను. ముఖం, రెండు చేతులు ఉన్న ఫొటో రాకపోతే రాజోలు వెళ్ళి, నిన్ను పంపిన ఏజెంటు ప్రభాకరరావుగారిని అడుగుతాను. నాన్నగారిని పంపను. నేనే వెళ్ళి మాట్లాడతాను.

యామిని


కువైట్,
17 జూన్ 2009

అమ్మడూ,

గెలిచావు. అన్నీ రాస్తున్నాను, కుదురుగా చదువు.

చెయ్యి కాలింది. మే రెండోవారంలో. ఎవరూ కాల్చలేదు, నా గొప్పలే కాల్చాయి. పెళ్ళికూతురు మీ ఊరి మిఠాయి ఏదైనా చేసిపెట్టమంది. పూతరేకులు చేస్తానన్నాను. పక్కవాటాలో ఉండే ఆత్రేయపురం మామ్మగారి దగ్గర మీ ఇంట్లో ఉన్నప్పుడు నేర్చుకున్నాను కదా. రేకు తియ్యాల్సింది బోర్లించిన మట్టికుండ మీద. ఇక్కడ కుండ ఎక్కడిది? స్టీలు గిన్నె బోర్లించాను. కుండైతే ఎంత కాలిందో పిండిగుడ్డ వెయ్యగానే చెబుతుంది. స్టీలు ఏమీ చెప్పదు. రేకు అంటుకుపోయింది. లాగబోయి ఎడమ అరచెయ్యి మొత్తం దానికి ఆనించేశాను. మేడం తనే కారులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నాలుగో రోజుకి కృపావతి చేతులతో రేకులు తీయించాను. పెళ్ళికూతురు, "కాగితం తినిపిస్తున్నావా" అని నవ్వి, పన్నెండు తింది.

కట్టుతో ఫొటో పంపితే నువ్వేమనుకుంటావో నాకు తెలుసు. ఫోను బీరువాలో ఉండటం ఆ నెల నాకు కలిసొచ్చింది. నీ కాగితం మీద కుడిచేతి గీత గీసింది కృపావతే. కట్టుతో ఎడమది కాగితానికి ఆనదు, పెన్సిలూ పట్టదు.

ఇక కారణం. ఈ ఇంటి డ్రైవరు పెళ్ళయ్యాక మానేస్తున్నాడు. ఆ వీసా మీ బాబాయికి ఇప్పించమని మేడంని అడిగాను. ఐసు వ్యాను తోలిన మనిషే కదా. "పెళ్ళి సవ్యంగా జరగనీ, మీ సారుతో నేను చెబుతాను" అంది. గోదావరి సముద్రంలో కలిసేచోట ఆయన పడవ రెండుసార్లు తిరగబడింది. రెండోసారి నేను రేవులోనే ఉన్నాను. మూడోది చూడలేను. నేనిక్కడికి వచ్చింది ఆయన్ని నీళ్ళమీంచి దింపడానికే. ముందే చెబితే రేవంతా చెప్పుకుంటారు, తరవాత రాకపోతే నవ్వులపాలవుతారు. ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడితే నోరు జారుతానని త్వరగా పెట్టేస్తున్నాను. ఈ రెండు శుక్రవారాలైతే పెళ్ళిపనుల్లో ఫోనే చెయ్యలేదు.

ఏజెంటు దగ్గరికి వెళ్ళకు. ప్రభాకరరావు అడ్డగోలుగా మాట్లాడతాడు. ఈ నెలలో ఈ ఇంటికి అలాంటి ఫోను రాకూడదు. నీకు దణ్ణం పెడతాను.

పిన్ని


కొత్తపేట,
24 జూన్ 2009

పిన్నీ,

నెలాఖరు దాకా ఆగుతానన్నాను. ఆగలేకపోయాను.

పందొమ్మిదిన బాబాయి వేట నుంచి వచ్చి ఫోను చూసుకుంటే, రెండు శుక్రవారాలు నీ దగ్గర్నుంచి ఏమీ లేదు. ఆయన నాన్నగారికి చెప్పారు. నేను సోమవారం సెలవు పెట్టి రాజోలు వెళ్ళాను.

ప్రభాకరరావుగారి ఆఫీసు మేడమీద. బెంచీమీద పాస్‌పోర్టులు పట్టుకుని పదిమంది మగవాళ్ళు కూర్చున్నారు. నా గొంతు నాకే వినపడలేదు. "కొంచెం గట్టిగా చెప్పండమ్మా" అన్నారు. అందరూ తిరిగి చూశారు. మళ్ళీ చెప్పాను. అంతా చెప్పాను, గలీబూ, గీసిన చెయ్యీ.

"ఆయ్, అలా ఫోన్లు లాగేసుకున్నారంటే అనుమానించాల్సిందేనండి" అని అక్కడే సారు నంబరుకి ఫోన్ చేశారు. ఆయనకి వచ్చిన అరబ్బీలో చాలా గట్టిగా మాట్లాడారు. నాకు అర్థం కాలేదు. పెట్టేసి, "పంపుతారండి, పంపక ఎక్కడికి పోతారు" అన్నారు.

మర్నాడే ఫొటో వచ్చింది.

ముఖం, రెండు చేతులు. ఎడమచేతికి మణికట్టు దాకా కట్టు. నువ్వు నవ్వడం లేదు. కళ్ళు వాచి ఉన్నాయి. నేననుకున్నదే. నాకు భయమేసింది, పిన్నీ. కానీ ఒకపక్క నేనే కరెక్టని కూడా అనిపించింది. అది నీకు చెప్పాలి.

కృష్ణమూర్తిగారి చేత నాలుగు కాపీలు రంగుల్లో, పెద్దవి తీయించాను. ఒకటి బాబాయికి, ఒకటి నాన్నగారికి, ఒకటి నాకు. ఇంకొకటి ప్రభాకరరావుగారికి ఇచ్చి వచ్చాను. ఫొటో ఉంటే కేసు గట్టిదని, కంప్యూటర్లో ఎక్కించి సారు ఆఫీసుకే పంపుతానని అన్నారు. చెయ్యి చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టారు.

నువ్వు భయపడకు. నీకు తోడుగా మేమున్నాం.

యామిని


కువైట్,
6 జులై 2009

యామినీ,

నా పదిహేడో తేదీ ఉత్తరం నీకు ఈపాటికి అంది ఉంటుంది. నీది మొన్న అందింది. రెండూ దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి.

ఏం జరిగిందో రాస్తాను. ఆ సోమవారం సారు భోజనానికి కూర్చున్నారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు పదిమంది ఉన్నారు. ఫోను వచ్చింది. మీరు పనిమనిషిని కొడుతున్నారా, ఆమె చేతులు చూపించండి, లేకపోతే పేపర్లో వేయిస్తాం అన్నాడంట ప్రభాకరరావు. సారు భోజనం వదిలి లేచారు. ఫోను తెచ్చి మేడం చేతికిచ్చారు.

మేడం పెళ్ళికూతురి గదిలోకి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, పెళ్ళిబట్టలు సరిచూస్తున్నాం. బీరువా తెరిచి, గలీబు ముడి విప్పి, నా పెద్ద ఫోను తీసి కృపావతి చేతిలో పెట్టింది. "తియ్యి. ఇక్కడే, ఇప్పుడే. ముఖం, రెండు చేతులు. వాళ్ళకి పంపు" అంది. ఏడుస్తూనే నిలబడ్డాను. కృపావతి తీసింది. పంపాం. మేడం ఫోను మళ్ళీ గలీబులో వేసి కట్టేసింది.

ఆ ఫొటో ఇంకోసారి చూడు. నా చెయ్యి కాదు, నా వెనక చూడు. అద్దం ఉంది. అద్దంలో పెళ్ళికూతురు ఉంది. జుట్టు విరబోసుకుని, భుజాలు కనపడే బట్టలో, నవ్వుతూ.

నాలుగు రోజుల తరవాత ఆ ఫొటో సారు ఆఫీసుకి వచ్చింది, ఎర్ర సున్నాతో. ఆఫీసులో గుమాస్తాలంతా చూశాకే సారు చూశారు.

ఆ పిల్ల మూడు రోజులు గదిలోంచి రాలేదు. పెళ్ళికొడుకు వాళ్ళకి ఇంకా తెలియదు. తెలిస్తే పెళ్ళి ఉంటుందో ఉండదో.

మేడం నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది. ఒకటే అడిగింది. "అక్కడ ఎంతమంది మగవాళ్ళు చూశారు? ఎన్ని కాపీలున్నాయి? అన్నీ కాల్చేశారని మీ అమ్మాయి రాయాలి. కృపావతి చదివి చెప్పాలి."

అన్నీ వెనక్కి తీసుకో. కంప్యూటర్లోది కూడా. ఒక్కటి కూడా మిగలకూడదు. తరవాత నాకు రాయి. వీసా సంగతి నేనింక ఎత్తలేదు.

బేబి


కొత్తపేట,
18 జులై 2009

పిన్నీ,

నేను ఆ అమ్మాయిని చూడలేదు. పెద్దది చేయించాను, నాలుగు కాపీలు తీయించాను, గంటసేపు చూశాను. నీ చెయ్యి తప్ప నాకేమీ కనపడలేదు. ఇప్పుడు చూస్తే ముందు ఆ అమ్మాయే కనపడుతోంది.

ఏం చేశానో రాస్తాను.

నాదీ, నాన్నగారిదీ పొయ్యిలో వేశాను. నెట్ సెంటర్లో కృష్ణమూర్తిగారి పక్కన నిలబడి కంప్యూటర్లోవి తీసేయించాను. చెత్తబుట్ట బొమ్మలోంచి కూడా. ఇన్నాళ్ళూ అడగలేని మాట అడిగాను, నా పాస్‌వర్డు మీకెలా తెలుసని. "మీరే ఒకసారి గట్టిగా చదువుకున్నారండి" అన్నారు. మార్చేశాను.

తరవాత అంతర్వేది వెళ్ళాను. బాబాయి ఫొటోని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పడవలోకి తీసుకెళ్తున్నారు. ఇవ్వనన్నారు.

"ఏడాది దాటిందమ్మా దాన్ని ఎదురుగా చూసి. నా పెళ్ళాం ఫొటో నేనెందుకివ్వాలి?"

చెప్పేశాను, పిన్నీ. అద్దం సంగతి, చెయ్యి సంగతి, వీసా సంగతి. చెప్పొద్దన్నావు. ఇంక దాచడం నావల్ల కాలేదు.

"నన్ను నీళ్ళమీంచి దింపుదామనుకుందా? నేనేమో ఇంకోలా అనుకున్నాను" అన్నారు. తరవాత, "కత్తెర లోపలుంది. నువ్వే కొయ్యమ్మా. దాని ముఖం తెగకుండా చూడు" అన్నారు.

అద్దం ఉన్న ముక్క కోసి అక్కడే కాల్చేశాను. నీ ముఖం ఆయన దగ్గరే ఉంచాను.

అక్కణ్ణుంచి రాజోలు. ప్రభాకరరావుగారు సొరుగులన్నీ లాగారు. "టేబులు మీదే పెట్టేనండి. బెంచీమీద వాళ్ళు చూస్తానంటే చూపించేను. ఎవరో పట్టుకుపోయేరండి, ఆయ్. దొరికితే చెప్తానండి" అన్నారు. ఈసారి నా గొంతు అందరికీ వినపడింది. ఏం అన్నానో రాయను. ఆయన కంప్యూటర్లోది నా ముందే తీసేయించాను. కాగితం ఫొటో మాత్రం దొరకలేదు.

చూసిన మగవాళ్ళు: కృష్ణమూర్తిగారు, నాన్నగారు, బాబాయి, ప్రభాకరరావుగారు, ఆ రోజు బెంచీమీద ఉన్నవాళ్ళు. ఎంతమందో తెలియదు. నాలుగు కాపీల్లో మూడింటిలో ఆ అమ్మాయి ఇప్పుడు లేదు. నాలుగోది ఎక్కడుందో తెలియదు.

అన్నీ కాల్చేశానని రాస్తే నీకు మేలు. మూడుసార్లు అలాగే రాసి చించేశాను. నువ్వు మేడంకి ఏం చెప్పినా నేను కాదనను. నాకు మాత్రం అలా రాయడం రాలేదు.

క్షమించమని అడగను. ఆ మాట ఇక్కడికి సరిపోదు.

యామిని


కువైట్,
4 ఆగస్టు 2009

అమ్మడూ,

ఇది పోస్టులో రాదు. కృపావతి సెలవుకి ముక్తేశ్వరం వస్తోంది, తన చేతికిస్తున్నాను. నీకే ఇస్తుంది. దీన్ని ఎవరూ చదవలేదు.

పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు వాళ్ళకి తెలియలేదు, లేదా తెలిసి ఊరుకున్నారు. నీ ఉత్తరం పెళ్ళయిన రెండువారాలకి అందింది. కృపావతి, "అన్నీ కాలిపోయాయని చెప్పేస్తానండి, మేడంకి తెలుగు రాదు కదండి" అంది. నేను వద్దన్నాను. ఉన్నదున్నట్టు చదివించాను. ఎందుకో నాకూ తెలియదు. ఇంతదాకా వచ్చింది అబద్ధాల వల్ల కాదు, నేను కొన్నాళ్ళు నోరు మూసుకోవడం వల్ల. మళ్ళీ దాచడం ఎందుకనిపించింది.

మేడం అంతా విని, బెంచీమీద వాళ్ళ దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపేసింది. "నిజం చెప్పినందుకు నిన్ను పంపించెయ్యను" అంది. అంతే. ఇప్పుడు నాకు లోపలి గదుల్లోకి పని లేదు. వంటిల్లూ, పెరడూ. పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళేటప్పుడు ఇద్దరికి చెయ్యి ఊపింది. నేను ముగ్గురిలో చివరనున్నాను.

గలీబు విప్పి ఆ ఇద్దరికీ ఫోన్లు ఇచ్చేసింది. నాదీ నా ముందు పెట్టింది. నేను తీసుకోలేదు. చిన్నది చాలన్నాను. ఉద్యోగం పోకుండా ఉండాలంటే నా చేతిలో కెమెరా ఉండకూడదు. ఒప్పందం ముగిసి ఇంటికి వచ్చేదాకా ఇంతే. ఇంకా ఏడు నెలలు.

డ్రైవరు ఉద్యోగంలోకి మనిషి వచ్చేశాడు. రాజోలు దగ్గరివాడే, పేరు ముత్యాలరాజు. ఆరేళ్ళుగా ఇక్కడున్నాడు, అరబ్బీ బాగా వచ్చు. అందుకని మేడం అతనికి ఇంకో పని అప్పజెప్పింది. ఇకమీద నాకొచ్చే ఉత్తరాలూ, నేను రాసేవీ అతను చదివి ఆమెకి చెప్పాలి. ఆ తరవాతే కవరు అంటించాలి. తప్పంటావా? వాళ్ళ పిల్ల ముఖం మన రాజోల్లో ఏ జేబులో ఉందో వాళ్ళకి తెలియదు. నేనైనా అదే చేద్దును.

కాబట్టి నేను మనసువిప్పి రాసే ఉత్తరం ఇదే ఆఖరు. నిన్ను తిట్టడానికి రాయడం లేదు. నా కోసం రాజోలు మేడమెట్లు ఎక్కావు. ఎవరి ముందూ పెదవి విప్పని దానివి బెంచీనిండా మగవాళ్ళ ముందు నా పేరు గట్టిగా చెప్పావు. అది నాకు తెలుసు. కోపం కూడా ఉంది. రెండూ ఉన్నాయి.

మీ బాబాయితో చెప్పు, గోదావరి ముఖద్వారంలో ఆటుపోట్లు చూసుకుని దాటమను. చీకటి పడ్డాక దాటొద్దను. నేను అడిగానని చెప్పు.

పిన్ని


కువైట్,
28 ఆగస్టు 2009

చిరంజీవి యామినికి,

నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. పని తేలికగా ఉంది. వేళకి భోజనం పెడుతున్నారు. మేడం చాలా మంచిది. నా గురించి ఎవరూ ఏ విధమైన అనుమానం పెట్టుకోవద్దు.

మీ అమ్మగారిని, నాన్నగారిని అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
బేబి